అడుగురేకు

వీపు కింద చించి పరిచిన అట్టపెట్టె, దాని కింద గరాజు టైల్సు, ముఖానికి జానెడు ఎత్తులో బండి అడుగుభాగం. ఇంత దగ్గరగా తాను ఈమధ్య ఏ మనిషి ముఖాన్నీ చూడలేదని ఈశ్వరయ్యకు అనిపించింది. రాయచోటి దగ్గర ఊళ్లో ఉన్న భార్య గంగాదేవి ముఖమైనా ఫోన్‌లోనే, అదీ సిగ్నల్ తెగి గళ్లుగళ్లుగా. ఈ రేకు మాత్రం కళ్లకు ఆనుకుని, తన తుప్పునూ గ్రీజునూ ఉప్పుగాలికి లేచిన పొక్కులనూ, వెనకసీటు కిందుగా చిరిగిన చీలికనూ ఏమాత్రం దాచుకోకుండా చూపిస్తోంది. చీలిక అరచెయ్యంత ఉంది. అంచులు వెనక్కి మడిచినట్టయ్యాయి, ఏదో బండి కింద పడి కొంతదూరం ఈడ్చుకుపోయినట్టు. రాయి అన్నాడు ఈ ఇంటి కొడుకు యూసఫ్. స్నేహితులతో ఎడారిలో గుడారాలు వేసుకున్నచోట రాయెక్కిందట. రాయెక్కితే రేకు సొట్టపోతుంది గాని ఇట్లా చీరదని ఈశ్వరయ్య అప్పుడే అనుకున్నాడు, పైకి అనలేదు. కువైట్‌లో, సల్వాలో ఈ ఇంటికి డ్రైవరుగా వచ్చాక అతను నేర్చుకున్న పెద్ద విద్య అదే, అనుకున్నది అనకపోవడం. బయట షెడ్డుకు తోలుకుపోతానంటే యూసఫ్ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "లా, లా! గరాజ్ వద్దు. ఇంట్లోనే. నీకు వచ్చు కదా ఈస్వర్, నువ్వే చెయ్." దెబ్బతిన్న బండిని ఏ షెడ్డువాడూ పోలీసుల కాగితం లేనిదే ముట్టుకోడు. రాయెక్కినవాడికి ఆ కాగితమంటే భయమెందుకు? అదీ అనుకున్నాడు. అదీ అనలేదు.

మధ్యాహ్నపు భోజనాలయి ఇల్లంతా పడుకుంది. ఏసీల మోత తప్ప చప్పుడు లేదు. గరాజు తలుపు సగం దించి ఉంది, దాని కింది సందులోంచి ఎండ తెల్లని కత్తిలా టైల్సు మీద పడి ఉంది. పొద్దు వాలేటప్పటి అసర్ నమాజు పిలుపు వినబడేలోగా పని అయిపోవాలి, సాయంత్రానికి బండి కావాలి. వెనకసీటు ఊడదీసి, లోపలి కార్పెట్టు చుట్టి పక్కన పెట్టి, బ్యాటరీ తీగ పీకి, పెట్రోలు పైపు మీద తడిగోనె కప్పి, చీలిక చుట్టూ రంగూ తుప్పూ గ్రైండరుతో గీకి, ఇనుము తెల్లగా నవ్వేదాకా గీకి, పలచటి రేకుముక్క కత్తిరించి ఆనించి పెట్టాడు. చెవుల్లో దూది. చొక్కా గుండీలు గొంతుదాకా. నల్లద్దం ముఖం మీదికి దించుకుని రాడ్డు తాకించాడు. చిటపటమని ఆర్క్ వెలిగింది, ఆ పచ్చటి నిప్పులో ప్రపంచమంతా చింతాకంత చుక్క అయిపోయింది.

తలపైన పెట్టే అతుకు మిగతా అతుకుల్లాంటిది కాదు. బల్లమీద పెట్టి అతికేటప్పుడు కరిగిన ఇనుము పోసినచోట ఉంటుంది, నిమ్మళంగా. ఇక్కడ కరిగిన బొట్టుకు కిందికి రావడమొక్కటే తెలుసు, కింద నువ్వుంటావు. రాయచోటిలో బస్సులకు బాడీ కట్టే షెడ్డులో పని నేర్పిన బుడేన్ సాహెబ్ మొదటిసారి తనను బస్సు కిందికి తోసి, పక్కనే గొంతుకూర్చుని బీడీ కాలుస్తూ చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. "బొట్టు పెరగనీయగాకురా ఈశ్వరా. పెరిగిన బొట్టు రేకుది కాదు, నీది. కరెంటు తగ్గించు. రాడ్డు రేకుకు ఆనీ ఆననట్టు పట్టు. ముట్టించు, ఎత్తు, సల్లారనీ, మళ్లా ముట్టించు. బొట్టు కింద నేరుగా పండుకోవద్దు, రవ్వంత పక్కకు జరుగు. ఈ మూల ఒక టాకా, ఆ మూల ఒక టాకా. ఆత్రంగా ఒకే తావున గీకితివా, రేకు కరిగి బొక్క పెద్దదైతాది." బుడేన్ సాహెబ్ మెడంతా, ఛాతీ అంతా తెల్లటి చుక్కల మచ్చలుండేవి. అమ్మవారు పోసినట్టు. ఒక్కొక్క మచ్చకూ ఒక్కొక్క బస్సు పేరు చెప్పేవాడు, నవ్వుతూ. నవ్వడానికి ఏముందో అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. ఆ షెడ్డు మూతబడింది. బాడీలు ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీల్లో కట్టేస్తున్నారు. ఏజెంటు వెల్డరు వీసా అని చెప్పి ఇంటిడ్రైవరు వీసా చేతిలో పెట్టాడు. కువైట్‌లో దిగాక తెలిసింది, ఇక్కడ తనకు తెలిసిన పనికీ తాను చేసే పనికీ సంబంధం ఉండదని. డ్రైవింగు వచ్చు కాబట్టి సరిపోయింది. ఎక్కించుకుపోవడం, దింపడం, ఏసీ వేసి ఉంచడం, ఎండలో నిలబడడం, మళ్లీ ఎక్కించుకోవడం.

యూసఫ్‌ను బడికి తీసుకుపోయింది తనే. పుస్తకాల సంచి వాడికంటే పెద్దగా ఉండేది, గేటుదాకా తనే మోసేవాడు. జ్వరమొచ్చి బడినుంచి తెస్తుంటే వెనకసీట్లోంచి ముందుకు పాక్కుంటూ వచ్చి తన ఒళ్లో తలపెట్టి పడుకున్నాడొకసారి, సిగ్నల్ దగ్గర పక్కబండివాళ్లు చూసి నవ్వారు. గడ్డం మొలిచాక సముద్రం ఒడ్డున ఖాళీజాగాలో బండి నేర్పిందీ తనే. వాడి చేతిమీద చెయ్యి వేసి స్టీరింగు తిప్పించి, అద్దాలు చూపించి, "సువయ్య సువయ్య, మెల్లగా బాబా," అని. లైసెన్సు వచ్చిన రోజు వాడు బక్లావా డబ్బా తెచ్చి మొదటిముక్క తన నోట్లో పెట్టాడు. ఈ వెల్డింగుమిషను కూడా వాడు కొన్నదే. ఎడారి బండ్లకు ఇనుపచట్రాలు కట్టుకోవాలని సరదాపడి కొని, ఒకసారి కళ్లు మండేసరికి ఈ మూల పడేశాడు. ఒక మూల టాకా పడింది, చుక్కంత అతుకు. ఎదురుమూలకు జరగాలి. నిప్పురవ్వలు వానచినుకుల్లా చొక్కామీద రాలి ఆరిపోయాయి, ఒకటి మాత్రం మోచేతి మడతలో దూరి కాసేపు కుట్టింది. ఊపిరి బిగబట్టి రాడ్డు మార్చుకున్నాడు.

అతుకు మీద పేరుకున్న చిట్టెం కొట్టి రాలగొట్టి, ఎదురుమూల కనబడటానికి లైటు పైకి ఎత్తి పట్టుకున్నాడు. సైలెన్సరు పైపుకూ అడ్డపట్టీకీ మధ్య సందులో నల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. రాయిముక్కేమో అనుకున్నాడు. మంచిదే అనుకున్నాడు, రాయే అయితే ఎంత బాగుణ్ణనుకున్నాడు, ఆ అనుకోవడంలోనే అది రాయి కాదని తెలిసిపోతోంది. వేలు పెట్టి కదిపాడు. రాలేదు. స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తితే ఊడి, బరువుగా ఛాతీమీద పడింది. ఇనుపకడ్డీని వంచి చేసిన గుండ్రటి చట్రం, సగం విరిగింది. దానికి చిక్కుకుని నీలంరంగు గుడ్డపీలిక, బండ్లు తుడిచే మెత్తటి గుడ్డది. చట్రం ఒకచోట అతికి ఉంది. ఆ అతుకును ఈశ్వరయ్య లైటు దగ్గరికి పెట్టి చూశాడు. పూసపూసగా పడిన అతుకు, పూసలన్నీ ఎడమకు వాలి. చిన్నప్పుడు కుడిమణికట్టు విరిగి సరిగ్గా అతుక్కోలేదు తనకు, అందుకే తన పూసలు అట్లా వాలుతాయి. షెడ్డులో బుడేన్ సాహెబ్ ఏ బస్సు కిందికి దూరినా ఇది మా ఈశ్వరుడు పెట్టిందని చెప్పేసేవాడు. దస్తూరీ ఎక్కడికి పోతుంది?

ఇది జాన్‌బాబు సైకిలుది. ముందు హ్యాండిలు కింద బక్కెట్టు నిలబడటానికి తానే, ఈ గరాజులోనే, ఈ మిషనుతోనే ఒక శుక్రవారం అతికి పెట్టిన చట్రం.

జాన్‌బాబు ఈ ఇంట్లో పనిచేసే దీనమ్మ మొగుడు. రాజోలు వైపు మనిషి. ఇద్దరూ ఒకే ఏజెంటు ద్వారా వచ్చినా చెరో ఇంట్లో పడ్డారు. వాడు పడిన ఇంట్లో వీసా ఇచ్చిన ముసలి యజమాని, కఫీల్, చెప్పుతో కొట్టేవాడట. ఒకరోజు పారిపోయాడు. పారిపోయినోడని వాళ్లు కేసు పెట్టారు, దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇఖామా, పోయింది. అప్పట్నుంచి బ్నీద్ అల్ గార్‌లో తెలిసినవాళ్ల గదిలో నేలమీద పడుకోవడం, చీకటితోనే లేచి సైకిలుకు బక్కెట్టు తగిలించుకుని వచ్చి సల్వా సందుల్లో బండ్లు కడగడం. సాయంత్రం వెళ్లేముందు వెనకగేటు దగ్గర ఆగితే దీనమ్మ అన్నం డబ్బా అందిస్తుంది. గేటుకు ఆ పక్క వాడు, ఈ పక్క ఆమె, నిలబడి నాలుగు మాటలు. వాళ్ల కాపురం అంతే. చట్రం అతికించిన రోజు జాన్‌బాబు బక్కెట్టు దాంట్లో కూర్చోబెట్టి, వెనక్కి జరిగి, తల వంచి దణ్ణం పెట్టాడు. "మా బక్కెట్టుకి సింహాసనం చేయించేసేరు అన్నయ్యా, ఆయ్! ఇంక దీని ముందు ఈ షేకులందరూ లేచి నిలబడాల." వెనకాల దీనమ్మ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఇంటి యజమానురాలు మామా వింటుందేమోనని తనే కసిరాడు.

గురువారం సాయంత్రం యూసఫ్ బండి లోపల పెట్టి, తలుపు దించేసి, ఎవరితో మాట్లాడకుండా పైకి పోయాడు. శుక్రవారం పొద్దున దీనమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, జాన్‌బాబు గది మెట్ల మీదనుంచి జారి పడ్డాడన్నయ్యా, తుంటి విరిగిందంట, అని చెప్పింది. మెట్లేనని ఆ గదివాళ్లు ఆస్పత్రిలో రాయించారట. పాపమని తాను పళ్లరసం డబ్బా కొనిచ్చి పంపాడు. మెట్లు! ఎవరి మాటమీద ఎవరు మెట్లన్నారో ఇప్పుడు తెలుస్తోంది, పోలీసులొస్తే ఇఖామా లేనోడు దొరికిపోతాడని గదివాళ్లు ఈమెకు కూడా మెట్లనే చెప్పి ఉంటారు. పిచ్చిది. మెట్లనుకునే ఆ శుక్రవారమే ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి యూసఫ్ తెల్లటి పొడుగుచొక్కాకు, దిష్‌దాషాకు, మడతలు పెట్టింది, నమాజుకు తొడుక్కుపోవడానికి. వాడు తిన్న పళ్లెం కడిగింది, వాడు పడుకున్న దుప్పటి మార్చింది. మొగుణ్ణి ఈడ్చుకుపోయిన బండి ఇంట్లోనే, గోడకు ఆ పక్కనే, తెల్లగా మెరుస్తూ నిలబడి ఉంది. ఇక్కడ తాను దాని కింద పడుకుని చిరిగినచోట మాసిక వేస్తున్నాడు. వెళ్లేవాళ్లకు వెళ్లడం, పడేవాళ్లకు పడడం, మధ్యలో అతికేవాడు ఒకడు. ఛాతీమీద చట్రం ఊపిరితో పాటు లేచి పడుతోంది. అరవాలనిపించింది. అరిస్తే ఈ రేకు తప్ప వినేదెవరు? పైకి పోయి యూసఫ్ తలుపు తట్టాలనిపించింది, ఈ ముక్క వాడి ముఖాన పెట్టి ఏంది బాబా ఇది, ఇదేనా నేను నేర్పింది, అని అడగాలనిపించింది. ఆ పిల్లవాడి తల బరువు ఇంకా తొడమీద ఉన్నట్టే ఉంది, జ్వరంతో కాలిపోతూ. అద్దాలు చూడమని ఎన్నిసార్లు చెప్పాడు! ఆగమని మాత్రం చెప్పలేదేమో. మనిషి కింద పడితే ఆగాలని ఎవరైనా నేర్పాల్సిన సంగతా అది?

పోలీసుస్టేషను రెండు వీధుల అవతలే. ఈ ముక్క పట్టుకుని నడిచిపోవచ్చు. పోతే ఏమవుతుందో ఆలోచన దానంతటదే పరుగెత్తింది, ఆపినా ఆగలేదు. సాయంత్రానికి తన సామాను గేటు బయట ఉంటుంది. తన ఇఖామా మీద ఉన్నది ఈ ఇంటి యజమాని బాబా సంతకం. గంగాదేవికి ఈ ఇంట్లోనే పనికి వీసా పెట్టిస్తానని మామా మాటిచ్చి ఉంది, వచ్చేనెలో, ఇన్షా అల్లా, ఎప్పుడడిగినా వచ్చేనెలో. గంగాదేవి పాసుపోర్టు తీయించుకుని, నాలుగు అరబీ మాటలు నేర్చుకుంటోంది. మోయ్ అంటే నీళ్లు, ఖుబ్జ్ అంటే రొట్టె, ఫోన్‌లో చెప్పి ఒప్పజెబుతూ, తప్పు పలికి తనే నవ్వుకుంటూ. పెళ్లయిన మనిషితో ఒక కప్పు కింద పడుకోవడానికి పరాయివాళ్ల ఇంట్లో పనిమనిషిగా తెచ్చుకోవాలి. అదీ ఒక ఆశేనా? ఆశే. దానికోసమే ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నాడు. ఆ కట్టుకు ఈ రోజు ఈ ఇనుపముక్క అడ్డం పడింది. ఏదైతే అదయింది, దీనమ్మకు చెప్పాలి, అంతవరకైనా చెప్పాలి. ఆమె మొగుడు, ఆమె ఇష్టం. రాడ్డు హోల్డరులోంచి తీసి పక్కన పడేశాడు. రేకు రెండు టాకాల మీద సగం వేలాడుతూ ఉండిపోయింది.

గరాజు లోపలి తలుపు చప్పుడయింది. బండి కిందినుంచి చూస్తే మనుషులకు కాళ్లు మాత్రమే ఉంటాయి. అరిగిన రబ్బరు చెప్పులు, పగిలిన మడమలు, నల్లటి ప్యాంటు అంచు, దీనమ్మ. టీ గ్లాసు టైల్సు మీద పెట్టిన చప్పుడు.

"అన్నయ్యా, టీ. మామా పడుకుంది. వేడిగా ఉండగా తాగేయండి."

ఈశ్వరయ్య బయటికి రాలేదు. ఆ ముఖం చూస్తూ చెప్పలేనని భయపడి, పడుకున్నచోటినుంచే చట్రమున్న చెయ్యి బండి అంచుదాటి బయటికి చాపాడు. "ఇదేందో సూడమ్మా."

చెప్పులు కదలలేదు. తర్వాత మోకాళ్లు వంగాయి, ఆమె కింద కూర్చుంది, చెయ్యి ఆనించి తల వంచితే ముఖం పక్కకు తిరిగి కిందికొచ్చింది. ఏంటిదని ఆమె అడగలేదు.

"ఎక్కడ ఇరుక్కుంది?" అంది.

"నీకు తెలుసునా?"

"ఆయ్."

"ఎప్పుట్నుంచి?"

"ఆ మర్నాడు పొద్దున్నుంచి. ముందురోజు సాయంత్రం యూసఫ్ బాబు వచ్చి బాత్రూములో వాంతి చేసుకున్నాడు, కడిగింది నేనే కదండీ. ఏదో తిన్నాడనుకున్నాను. పొద్దున్నే ఆయనే ఫోన్ చేసేరు. సర్వీసురోడ్డు మీద, గుద్దేసేక, బండి ఆగిందంట అన్నయ్యా. ఆగి, ఈ బాబు దిగి, చూసి, మళ్లీ ఎక్కేసేడంట. రోజూ గేటు దగ్గర సలాం కొట్టే మనిషిని ఆయన గుర్తుపట్టరా?"

"మాకు మెట్లని సెప్తివి."

"ఇంకేం చెప్పమంటారు? మామా దగ్గరికెళ్లి అడిగేసేను. తలుపేసి నా కాళ్లు పట్టుకుంది. అంత మనిషి. నా కొడుకన్నా, ఒక్కడే కొడుకన్నా, అని ఏడ్చింది. నాకు తెలిసిన డాక్టరున్నాడు, మీ ఆయన్ని అక్కడ పెట్టిస్తాను, పాత కఫీల్‌తో మాట్లాడి ఆ కేసు తీయిస్తాను, నడిచేదాకా చూసి ఇద్దర్నీ ఇంటికి పంపిస్తాను, అంది."

"మాటేగదమ్మా అది! మాట నమ్మి ఇంత మింగుతావా? పోదాం పా, ఇద్దరం పోదాం. ఈ ముక్క శానా గట్టి సాక్ష్యం. ఈ అతుకు నాదని నేను సెప్తా."

దీనమ్మ అతని వైపు చూసింది. కోపంగా కాదు. పసిపిల్లవాడు తెలియక ఏదో అంటే చూసినట్టు.

"వెళ్తే వాళ్లు మొదట ఏమడుగుతారు అన్నయ్యా? ఈయన ఇఖామా అడుగుతారు. తుంటి అతకముందే ఎత్తుకెళ్లి లోపలేస్తారు, అక్కణ్ణించి విమానం. యూసఫ్ బాబుకి లాయరుంటాడు. ఈయనకి నేనున్నాను. నాకు మామా ఉంది. అంతే." గొంతు ఇంకా తగ్గించి అంది, "మాటే అన్నారు. మరి మా గంగాదేవి వదినగారి వీసా ఏంటండీ? అదీ మాటే కదా."

ఈశ్వరయ్య చూపు చట్రం మీదికి మళ్లింది.

"ఇలాగిచ్చేయండి," అని ఆమె చట్రాన్ని అతని చేతిలోంచి తీసుకుంది. గుడ్డపీలికను విప్పబోయి, రాకపోతే అలాగే చున్నీ కిందికి చుట్టుకుంది. "బాగా అతికేయండి. ఎవరు కిందికి తొంగిచూసినా ఏం కనబడకూడదు. ఎవరైనా చూసి అడిగేరంటే మామా మనసు మారిపోతుంది. మా ఆయన మంచం మీంచి లేవరు." మోకాళ్లు లేచాయి. చెప్పులు తలుపుదాకా వెళ్లి ఆగాయి. "టీ చల్లారిపోద్ది," అని వినబడింది. తలుపు మూసుకుంది.

మళ్లీ రాడ్డు పెట్టుకున్నాడు. చెయ్యి మొరాయిస్తుందనుకున్నాడు, మొరాయించలేదు. అదే అతనికి అసహ్యమనిపించింది. మనసు ఏమైపోయినా చెయ్యి మాత్రం తనకు నేర్పినట్టు కరెంటు తగ్గించింది, రేకుకు ఆనీ ఆననట్టు రాడ్డు పట్టింది, ముట్టించింది, ఎత్తింది, చల్లారనిచ్చింది, ఎదురుమూలకు జరిగింది. దీనమ్మ పిచ్చిదనుకున్నాడు. పిచ్చివాడు ఎవరు? ఆమె అంతా తెలిసే ఆ దిష్‌దాషాకు ఇస్త్రీ చేసింది. తెలిసే వాడి ముందు అన్నం పళ్లెం పెట్టింది, పెట్టి, ఇంకొంచెం వేయనా బాబా అని అడిగి ఉంటుంది కూడా. తెలిసే తనకు మెట్లని చెప్పింది, తాను పళ్లరసం ఇస్తే తీసుకుని దేవుడు చల్లగా చూస్తాడన్నయ్యా అంది. ఎక్కడ దాచుకుంది ఇదంతా? ఇంత పలచటి మనిషి. మరిగిన ఇనుము ఒక్కబొట్టు మీద పడితే తాను ఎగిరి పడతాడు, ఆమె మీద మొత్తం పోశారు, ఆమె టీ కాచి తెచ్చింది. తాను ధైర్యంగా పోలీసుల దగ్గరికి పోదామన్నాడు. ఎంత ధైర్యం! ఆమె వద్దంటుందని లోపల ఎక్కడో తెలిసిన ధైర్యం కాదుగదా అది? కాదని చెప్పుకున్నాడు. ఇంకోసారి చెప్పుకున్నాడు. ఆమె వద్దనగానే గుండెల్లో ఏదో బరువు దిగిన మాట నిజం. దిగినందుకు తనమీద తనకు ఉమ్మేయాలనిపించిన మాటా నిజం. గంగాదేవి వస్తుంది. వచ్చి ఈ ఇంట్లోనే, ఈ వంటింట్లోనే, ఈ యూసఫ్‌కే అన్నం పెడుతుంది. దీనమ్మ ఖాళీ చేసిన గదిలో పడుకుంటుంది. ఆ ఖాళీ ఎట్లా వచ్చిందో చెప్పాలా ఆమెకు? చెప్పడు. గంగాదేవికి కూడా మెట్లే.

టాకాలన్నీ కలిశాయి. ఇక వరసగా గీయాలి. చివరివరస సగంలో ఉండగా బొట్టు ఒకటి పెరగడం అద్దంలోంచి కనబడింది. ఎత్తాల్సింది. ఎత్తలేదు. అది తెంపుకుని కిందికి జారి, కాలరుకూ మెడకూ మధ్యనుంచి లోపలికి దిగింది. చర్మం చురుక్కుమని కాలిన వాసన తన ముక్కుకే తగిలింది. కదిలితే అతుకులో చిల్లు పడుతుంది, చిల్లు పడితే మళ్లీ మొదటినుంచి. పళ్లు కరుచుకుని వరస చివరిదాకా గీసి, అప్పుడు రాడ్డు తీసి, అప్పుడు అరిచాడు. అరుపు పెద్దగా రాలేదు. అద్దం పైకెత్తి చూస్తే రేకు అంచు చుట్టూ పూసలు ఒకదానిమీద ఒకటి, ఎడమకు వాలి, ఎక్కడా తెగకుండా. తన జీవితంలో తలపైన ఇంత మంచి అతుకు పెట్టి ఉండడు. గ్రైండరు తీసుకుని ఆ పూసలన్నీ నున్నగా అరగదీశాడు. నల్లటి అడుగురంగు పూశాడు. చీలిక ఎక్కడుండేదో తనకే తెలియకుండా పోయింది.

అసర్ పిలుపు వినబడుతుండగా పక్కనుంచి ఒక ముఖం కిందికి వంగింది. యూసఫ్. కళ్లకింద నల్లగా, గడ్డం గీసుకోకుండా, ఇరవై ఏళ్లవాడు నలభై ఏళ్లవాడిలా.

"ఖలాస్, ఈస్వర్?"

"ఖలాస్."

వాడు వెళ్లిపోలేదు. టైల్సు మీద అరచెయ్యి ఆనించి లోపలికి చూస్తూనే ఉన్నాడు, రంగు పూసినచోట. అక్కడేమీ కనబడటం లేదని నమ్మకం కుదరనట్టు. "కింద... ఏమైనా ఉందా? ఏమైనా దొరికిందా?" అని అరబీలో అడిగాడు. గొంతు చిన్నప్పటిదే.

ఈశ్వరయ్య వాడి కళ్లలోకి చూశాడు. ఏడిస్తే ఓదార్చాలన్నట్టు ఎదురుచూసే కళ్లు. తన ఒళ్లో పడుకున్న పిల్లవాడు వీడేనని గుర్తు తెచ్చుకోబోయాడు, రాలేదు.

"ఏం లేదు బాబా," అన్నాడు. "రాయి."

యూసఫ్ అరచేతికంటిన దుమ్ము దులుపుకున్నాడు. లేచి వెళ్లిపోయాడు, నమాజుకు.

ఈశ్వరయ్య బయటికి జరిగి, లేచి కూర్చుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. సీటు బిగించి, కార్పెట్టు పరిచి, జాకీలు దించి, కొళాయి దగ్గర మెడమీద నీళ్లు పోసుకుంటుండగా మామా మెట్లు దిగి వచ్చింది. చేతిలో స్టీలు ఫ్లాస్కు. ముఖం ఉబ్బి ఉంది. ఈశ్వరయ్య మెడవైపు చూసి, "మందు రాసుకో," అంది. తర్వాత బండివైపు చూపించి, "దీనాను ఆస్పత్రికి తీసుకెళ్లు. సూప్ చేయించాను. పెద్ద బండి బాబా తీసుకెళ్లారు. దీంట్లోనే వెళ్లండి," అంది. దీంట్లోనా అని ఈశ్వరయ్య అనలేదు. దీనమ్మ వెనకాలే వచ్చింది, తల దువ్వుకుని, ఉతికిన చున్నీ వేసుకుని. మామా ఆమె చేతిలో ఫ్లాస్కు పెట్టి, భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. చూసేవాళ్లకు అక్కాచెల్లెళ్లనిపిస్తారు.

తలుపు తీసి పట్టుకుంటే దీనమ్మ వెనకసీట్లో కూర్చుంది, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని. గేటు దాటాక దగ్గరిదారి ఎడమవైపు, సర్వీసురోడ్డు మీదుగా. ఈశ్వరయ్య కుడికి తిప్పాడు. చుట్టుదారి అని ఇద్దరికీ తెలుసు. సముద్రం వైపు ఎండ వాలుతోంది. జెండాలున్న ఇళ్లు, ఖర్జూరచెట్లు, సిగ్నల్ దగ్గర సంచి తగిలించుకున్న మోటారుసైకిళ్లు. సైకిలు ఒకటి పక్కనుంచి పోతే ఈశ్వరయ్య బ్రేకు మీద కాలు వేశాడు, అనవసరంగా, గట్టిగా. వెనకాల సూపు ఫ్లాస్కులో కదిలిన చప్పుడు.

"ఆయన ఈ పూట మనసు కుదురుగా ఉంటే ఒక మాట అడుగుతారు," అంది దీనమ్మ, చాలాదూరం పోయాక. "ఎలాగొచ్చేవని. ట్యాక్సీలో వచ్చేనని చెప్తాను. మీరు లోపలికి రాకండి అన్నయ్యా."

"రాను."

ఇంకో సిగ్నల్ దగ్గర ఆగారు. అద్దంలో చూస్తే దీనమ్మ కిందికి, తన కాళ్లవైపు చూసుకుంటోంది.

"అన్నయ్యా, కాళ్లకింద ఇంకా వేడిగా ఉంది."

పలచటి రేకు ఇంతసేపు వేడిని పట్టుకుని ఉండదు. అది ఈశ్వరయ్యకు తెలుసు. పైన కార్పెట్టు కూడా ఉంది.

"సల్లారుతాదిలేమ్మా," అన్నాడు.

ఆమె చెప్పులు విడిచి, రెండు కాళ్లూ సీటుమీదికి ముడుచుకుని, ఫ్లాస్కును మోకాళ్లకూ పొట్టకూ మధ్య గట్టిగా పట్టుకుని కూర్చుంది. సిగ్నల్ పచ్చబడింది.